కాలివేళ్ళ మొదట నరపు నొప్పి: మాత్రకును కత్తికిని నడుమ ఒక మార్గము

మన వృత్తిలో చేతికి ఉన్న గౌరవము కాలికి లేదు. నాడె విసరు చేతిని గూర్చియు, అంచు చక్కగా కుదిరిన చీరను గూర్చియు నలుగురును చెప్పుకొందురు. ఆ చేతితో సమానముగా ఉదయము మొదలు దీపాలవేళ దాక గుంటలో దిగి తొక్కుడు చెక్కలను తొక్కు పాదమును గూర్చి చెప్పుకొనువారు లేరు. కన్ను మసకబారినచో కంటి శిబిరమునకు పోవుదుము. నడుము పట్టినచో ఇరుగుపొరుగులకు చెప్పుకొందుము. అరికాలు మండినచో మాత్రము "వేడి చేసినది" అని మజ్జిగ త్రాగి ఊరకుందుము. ఈ ఊరకుండుటను గూర్చియే నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

మేము చెప్పబోవునది అరికాలి బాధలన్నిటిలో ఒకటి మాత్రమే. అది పాదము ముందు భాగమున, వేళ్ళ మొదళ్ళవద్ద పుట్టును. బొటనవ్రేలు మొదలుకొని లెక్కించినచో సాధారణముగా మూడవ, నాలుగవ వేళ్ళ నడుమను, కొందరికి రెండవ, మూడవ వేళ్ళ నడుమను వచ్చును. నడచునప్పుడు చెప్పులో గులకరాయి పడినట్లు తోచును. విప్పి దులిపి చూచిన రాయి ఉండదు. ఒకప్పుడు మంట, ఒకప్పుడు కరెంటు తగిలినట్లు వేలికొన దాక జివ్వుమను పోటు, ఆ పిమ్మట ఆ రెండు వేళ్ళ ప్రక్కల తిమ్మిరి. కూర్చుండి పాదమును పిసికికొన్నచో కొంత శాంతించును. మరల లేచి నాలుగడుగులు వేయగనే మొదలు.

ఈ బాధకు వైద్యులు మార్టన్ న్యూరోమా అని పేరు పెట్టిరి. ఫిలడెల్ఫియాలోని థామస్ జార్జి మార్టన్ అను శస్త్రవైద్యుడు 1876లో దీనిని వర్ణించుటచేత ఆయన పేరు నిలిచినది. నిజమునకు అంతకు ముందే, 1835లో ఇటలీ దేశపు చివినిని అను శరీరశాస్త్రజ్ఞుడును, 1845లో ఇంగ్లండున డర్లాకర్ అను పాదవైద్యుడును ఈ సంగతి వ్రాసియుండిరి. ముందు వ్రాసినవారికి పేరు దక్కకపోవుట వైద్యములోను ఉన్నదన్నమాట. పేరు విని గడ్డ యనియో, క్యాన్సరు అనియో బెదరిపోనక్కరలేదు. వేళ్ళ ఎముకల నడుమ పోవు సన్నని నరము మాటిమాటికి నలిగి, దాని చుట్టునున్న పొర దళసరియగుటయే ఇది.

నలుగుట ఎట్లు? వేళ్ళ వెనుకనున్న పొడుగెముకల తలలను ఒకదానితో నొకటి బంధించి ఉంచు గట్టి పట్టీ ఒకటి కలదు. నరము దాని క్రిందుగా పోవును. మడమ పైకి లేచి, వేళ్ళు వెనుకకు వంగి, బరువంతయు వేళ్ళ మొదళ్ళపై పడినప్పుడు ఆ నరము సాగి పట్టీకి ఒరసికొనును. మొన సన్నని బూట్లు, ఎత్తు మడమల బూట్లు తొడుగుకొను స్త్రీలలో ఈ వ్యాధి ఎక్కువ అని పాశ్చాత్య వైద్యులు వ్రాయుదురు. మన ఆడవారికి ఎత్తు మడమల బూట్లెక్కడివి అని నవ్వుకొనవచ్చును. బూటు లేకున్నను ఆ భంగిమ మన ఇండ్లలో ఉన్నది. మునివేళ్ళపై గొంతుకూర్చుండి తెగిన పోగులు అతుకుట అదియే. తొక్కుడు చెక్క అంచున వేళ్ళ మొదళ్ళు మాత్రమే ఆనించి, జకార్డు బరువునంతటిని ఒక్క కాలితో లేపుటయు అదియే. షోలాపురము, భివండి మరమగ్గముల వద్ద పనిచేయు మనవారికి తొక్కుడు లేదు గాని, సిమెంటు గచ్చుమీద అరిగిన రబ్బరు చెప్పులతో గంటల కొలది నిలుచుట ఉన్నది. మగ్గమే ఈ వ్యాధికి కారణమని మేము అనుటలేదు. వచ్చిన నొప్పిని మగ్గము మాననీయదని మాత్రము గట్టిగా అందుము.

ఇక మనవారు చేయుచున్నది చూడుడు. మొదటి మాసము వేడి, వాతము అని గడచును. రెండవ మాసమున మందుల దుకాణమునకు పోయి, వైద్యుని చూడకయే నొప్పి మాత్రలు తెచ్చుకొందురు. మాత్ర వేసికొన్న నాడు రెండు గజములు ఎక్కువ నేయవచ్చును. కూలి గజము లెక్కన వచ్చు ఇంటిలో ఆ రెండు గజములు చిన్నవి కావు. కాని ఆ మాత్రలను నెలల తరబడి దినమునకు రెండేసి మింగినచో కడుపులో పుండ్లు పడును, మూత్రపిండములు చెడును. నరమును నలుపు ఒత్తిడి మాత్రము ఎక్కడిదక్కడనే యుండును. పిదప ఒకనాడు అప్పుచేసి పట్టణపు ఆసుపత్రికి పోయి, ఒక్కమారే కత్తికి సిద్ధపడుదురు. మాత్రకును కత్తికిని నడుమ చేయదగినది ఏదియు లేదన్నట్లు మన నడక సాగుచున్నది. ఆ నడుమ ఉన్న మార్గమే ఫిజియోథెరపీ.

ఇది నిన్న మొన్న పుట్టిన విద్య కాదు. 1950ల తొలి సంవత్సరములలో, పోలియో వలన కాళ్ళు చచ్చుబడిన బిడ్డల అవసరమును గుర్తించి, బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ప్రపంచ ఆరోగ్యసంస్థ తోడ్పాటుతో దీనికి శిక్షణాలయము వెలసినది. నేడు మనవారున్న ప్రతి పెద్ద పట్టణమునను బి.పి.టి. పట్టము పొందినవారు దొరకుదురు. 2021లో పార్లమెంటు చేసిన చట్టము ఈ వృత్తిని తన పరిధిలో చేర్చినది. ఐనను మన పేటలలో ఫిజియోథెరపీ అనగా పక్షవాతము వచ్చినవారికి, ఎముక విరిగినవారికి మాత్రమే అను భావము పోలేదు.

ఈ చికిత్సను గూర్చి లేనిది ఉన్నట్లు చెప్పుట మాకు ఇష్టము లేదు. 2004లో కోక్రేన్ సంస్థవారు అంతవరకు జరిగిన ప్రయోగములను కూర్చి పరిశీలించి, ఈ నొప్పికి ఏ చికిత్స మేలో నిశ్చయించుటకు చాలినంత ఆధారము లేదనిరి. 2024లో మరల పరిశీలించినప్పుడును ఆధారములు బలహీనముగనే కనబడినవి. ఆ మాట ఫిజియోథెరపీకే కాదు, శస్త్రచికిత్సకును వర్తించును. సూదిమందు విషయమున కొంత తెలిసినది: స్కాట్లండున 131 మందిపై జరిపి 2013లో ప్రకటించిన ప్రయోగములో స్టిరాయిడు కలిపిన సూది పుచ్చుకొన్నవారు, ఉత్త మత్తుసూది పుచ్చుకొన్నవారికంటె మూడు నెలలనాటికి మెరుగుగా ఉండిరి. మంచిదే. కాని ఆ సూదిని మాటిమాటికి పొడిచినచో అరికాలి మెత్తని కొవ్వు కరగి చర్మము పలుచబడు ప్రమాదము కలదు. శస్త్రచికిత్సలో సాధారణముగా ఆ నరము ముక్కనే తీసివేయుదురు. చాలమందికి నొప్పి పోవును. ఆ రెండు వేళ్ళ నడుమ స్పర్శయు పోవును. కొందరికి కోసిన కొననే నరము మరల ముద్దకట్టి తొలినాటి నొప్పికంటె మొండి నొప్పి పుట్టును.

ఇట్టి స్థితిలో ఏది ముందు అన్నదే ప్రశ్న. ఆధారములు అన్నింటికిని కొరవడినప్పుడు, వికటించినను వెనుకకు మరలగల దానిని ముందు పట్టుకొనుట బుద్ధిమంతుల పద్ధతి. వ్యాయామము పనిచేయనిచో మానివేయవచ్చును. మెత్త కుదరనిచో పీకివేయవచ్చును. తెగిన పోగును అతుకుట మన చేతి విద్య. కోసి తీసిన నరమును అతుకువారు లేరు. ఆరు వారములు మొదలు పండ్రెండు వారముల వరకు శ్రద్ధగా ఫిజియోథెరపీ చేసి చూచి, గుణము కనబడనిచో అప్పుడు సూదిని గూర్చి, ఆ పిమ్మట కత్తిని గూర్చి ఆలోచింపవలెనని మా అభిప్రాయము. సూదికి, కత్తికి మేము విరోధులము కాము. వాని వంతు రాకముందే వానిని పిలువవద్దని చెప్పుచున్నాము.

అయితే ఫిజియోథెరపీ అనగానేమో తెలిసికొనవలెను. పెట్టెవంటి యంత్రమునుండి రెండు తీగలు తీసి పాదమునకు అంటించి, పది నిమిషములు పడుకొనబెట్టి, రుసుము పుచ్చుకొని పంపివేయుట ఫిజియోథెరపీ కాదు. ఈ నొప్పికి ఆ యంత్రముల వలన కలుగు మేలు రుజువైనది కాదు. యంత్రము దీపములు వెలుగుచుండుట చూచి రోగి సంతోషించును. పాదము మాత్రము మరునాడు ఆ తొక్కుడు చెక్కమీదికే పోవును. మంచి చికిత్సకుడు మొదట చేయు పని ప్రశ్నించుట. ఏ కాలు, ఎన్ని గంటలు, ఏ చెప్పు, ఏ మగ్గము అని అడుగును. పాదమును ప్రక్కలనుండి అదిమి, వేళ్ళ నడుమ నొక్కి, లోన నరము "టిక్కు"మని జారుచున్నదేమో చూచును. మడమ, పిక్క ఎంత బిగిసియున్నవో పరీక్షించును. రోగిని నడిపించి చూచును. మగ్గము దగ్గరకు వచ్చి చూచువాడు దొరికినచో అదృష్టమే.

చికిత్సలో మొదటిది బరువు తప్పించుట. వేళ్ళు విప్పారుటకు చోటున్న వెడల్పు చెప్పులు, మందమైన మెత్తని అడుగు, ఎత్తులేని మడమ. ఆ చెప్పులో ఒక మెత్త. మన చీరలమీది మామిడిపిందె బుటాను పోలిన చిన్న మెత్త అది. దీనినే చాలమంది తప్పుగా పెట్టుకొందురు. నొప్పి ఉన్న చోటనే మెత్త పెట్టినచో నరము ఇంకను నలుగును. వేళ్ళ మొదళ్ళ ఉబ్బునకు కొంచెము వెనుకగా, అరికాలి పల్లము మొదలగు చోట పెట్టవలెను. అప్పుడు ఎముకలు ఎడబడి నరమునకు చోటు దొరకును. గుంట మగ్గమున వట్టికాళ్ళతో కూర్చుండువారికి చెప్పు ఉండదు గనుక, మెత్తను గుడ్డపట్టీలో కుట్టి పాదమునకు తొడిగించుకొనవచ్చును. కుట్టుపని మనకు ఎవరును నేర్పనక్కరలేదు. పెట్టవలసిన చోటు మాత్రము చికిత్సకుడు గుర్తుపెట్టి చూపవలెను.

రెండవది పిక్క. పిక్క కండరము బిగిసినవారికి నడకలో మడమ తొందరగా లేచి, బరువు త్వరగా ముందుకు పడును. గోడకు చేతులానించి, నొప్పిగల కాలిని వెనుకకు చాచి, మడమ నేలకు అంటియుండగా ముందుకు వంగి ముప్పది సెకనులు నిలువవలెను. మోకాలు నిటారుగా నుంచి మూడుమార్లు, కొంచెము వంచి మూడుమార్లు, ఉదయమును సాయంకాలమును. పిక్క సాగినట్లు తెలియవలెను గాని నొప్పి రాకూడదు. దీనికి పైసా ఖర్చు లేదు.

మూడవది పాదములోని చిన్న కండరముల బలము. వేళ్ళను ముడువకుండ పాదపు విల్లును మాత్రము పైకి లాగి పట్టుట, వేళ్ళను విసనకఱ్ఱవలె విప్పుట, నేలమీద పరచిన గుడ్డను వేళ్ళతో దగ్గరకు లాగికొనుట. మొదటి వారము వేళ్ళు మాట వినవు. నవ్వు వచ్చును. పిల్లలను కూడ కూర్చుండబెట్టి చేయించినచో ఇంటిలో అదియొక ఆట యగును. ఇవిగాక చికిత్సకుడు తన చేతులతో వేళ్ళ వెనుక ఎముకలను మెల్లగా కదలించి బిగువు సడలించును. ఆ పని తెలియనివారు చేయరాదు.

అన్నిటికంటె కష్టమైనది విరామము. తొక్కుడు మానుమని మేము చెప్పము. మానినచో పొయ్యి వెలుగదు. అరగంటకొకమారు లేచి నాలుగడుగులు నడచుట, పని వీలైన చోట కాలు మార్చుట, వేళ్ళ మొదళ్ళతో గాక పాదము నడిమి భాగముతో తొక్కుట అలవరచుకొనుట, ఇంతవరకు సాధ్యమే. ఆ కొన్ని వారములు గజములు తగ్గును. ఇచ్చట షావుకార్లకును, సహకార సంఘముల కార్యదర్శులకును ఒక మాట. కాలికి చికిత్స పొందుచున్న నేతగాని గజములు తగ్గినప్పుడు సోమరితనమని ఎంచి నూలు ఆపివేయుట న్యాయము కాదు, లాభమును కాదు. రెండు నెలలు తగ్గిన గజములకంటె, పదునైదేండ్ల అనుభవముగల చేయి మగ్గము దిగిపోవుటయే పెద్ద నష్టము.

మగ్గమును కూడ కొంత మార్చవలసియున్నది. తొక్కుడు చెక్క అంచు పదునుగా నుండరాదు. చిత్రిక పట్టించి గుండ్రము చేయవలెను. చెక్కను వెడల్పు చేసి పైన మందపు గుడ్డయో, పాత కంబళి ముక్కయో కొట్టించినచో పాదము మొత్తము ఆనును. జకార్డు బరువును మోటారుతో లేపు పరికరములు వచ్చియున్నవి. ఇది చేనేత యగునా కాదా అని కొందరు వాదింతురు. నేయునది చేయి, ఎత్తునది మోటారు అయినంత మాత్రమున చీర పరువు పోవునని మాకు తోచదు. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం గారు, ఒక్కొక్క చీరకు వేల మార్లు చేయి ఆడించి ఆసు పోసిన తల్లి భుజపు నొప్పిని చూచి, అది మన వ్రాత అని ఊరకుండక 1999లో ఆసు యంత్రమును సిద్ధము చేసిరి. 2017లో పద్మశ్రీ వచ్చినది. భుజమునకు దొరకిన ఆలోచన కాలికి ఇంకను దొరకలేదు.

ఇప్పుడు ఒక హెచ్చరిక, దీనిని మాత్రము దాటవేయకుండ చదువుడు. పాదము మండిన ప్రతివారికిని ఈ వ్యాధియే అనుకొనరాదు. రెండు పాదములును ఒకేరీతిగా, మేజోడు తొడిగినంత మేర మండుచున్నచో, తిమ్మిరెక్కుచున్నచో ముందు రక్తములోని చక్కెర చూపించుకొనుడు. బి-12 విటమిను లోపమును అట్లే చేయగలదు. నడుమునుండి కాలిలోనికి లాగుచున్నచో మూలము వెన్నులో ఉండవచ్చును. పాదము పైభాగము వాచి ఒకేచోట ఎముక నొక్కినచో నొప్పియగుచున్నచో ఎముక సన్నగా చిట్లియుండవచ్చును. చర్మముపై స్పర్శలేని మచ్చ కనబడినచో సంకోచింపక ప్రభుత్వ ఆసుపత్రికి పోవలెను. కుష్ఠువ్యాధికి మందు ఉచితము, తొలిదశలోనే వాడినచో అంగవైకల్యము రాదు. ఇటుకను కాచి గోనెలో చుట్టి కాపడము పెట్టుకొను అలవాటు మన ఇండ్లలో ఉన్నది. స్పర్శ తగ్గిన పాదమునకు ఆ ఇటుక శత్రువు. కాలుచున్నట్లు తెలియదు, తెల్లవారుసరికి బొబ్బ, చక్కెర ఉన్నవారికి అది మానని పుండు. మంచుగడ్డకును ఇదే మాట వర్తించును.

పరాయి భాషల నడుమ బ్రదుకుచున్న మనకు ఇంకొక చిక్కు కలదు. నరపు నొప్పిని వైద్యుడు సగము రోగి మాటలనుబట్టియే గుర్తించును. మంట వేరు, పోటు వేరు, తిమ్మిరి వేరు. బజారు బేరమునకు చాలినంత తమిళమో, మరాఠీయో వచ్చిన మన అవ్వలు ఆసుపత్రిలో "కాలు నొప్పి" అని ఊరకుందురు. వ్రాయువాడు నొప్పి మాత్ర వ్రాసి పంపును. మంటను తమిళమున ఎరిచ్చల్ అందురు. కన్నడమున ఉరి, మరాఠీలో జళజళ, ఒడియాలో జళాపోడా. తిమ్మిరికి తమిళులు మరత్తుప్పోచ్చు అని చెప్పుదురు; కన్నడిగులు జోము అందురు; మరాఠీలో ముంగ్యా వచ్చినవని, అనగా చీమలు ప్రాకినట్లున్నదని చెప్పవలెను; బరంపురమున ఝింఝిం అన్నచో తెలియును. యానాంవారికి ఈ బాధ లేదు. చదువుకొన్న పిల్లలు పెద్దలవెంట పోయి, ఏ వేళ్ళ నడుమనో వేలుపెట్టి చూపించి, ఈ మాటలు చెప్పవలెను.

సంఘముల వారిని మేము కోరునది పెద్ద ఆసుపత్రి కాదు. వారమునకొక పూట, బి.పి.టి. చదివిన ఒకరిని సంఘభవనమునకు పిలిపింపవలెను. మన కుటుంబములలోనే ఆ చదువు చదివిన పిల్లలు ఉన్న ఊళ్ళలో ముందు వారినే అడుగవలెను. భాష చిక్కు కూడ తీరును. రుసుములో సగము సంఘము, సగము రోగి భరింపవచ్చును. పూర్తిగా ఉచితమైనచో మూడవ వారమునుండి వచ్చువారు తగ్గుదురు, ఇది మనకు తెలియని సంగతి కాదు. ఆడవారికి ప్రత్యేకముగా ఒక గంట కేటాయింపవలెను. పాదము చూపుటకు కూడ మొగమాటపడు ఇండ్లు ఇంకను కలవు. కావలసిన సామగ్రి ఒక బల్ల, ఒక చాప, ఖాళీగా ఉన్న ఒక గోడ. చక్కెర చూచు చిన్న యంత్రమొకటి కొని ఉంచినచో మొదటినాడే సగము అనుమానములు తీరును. రాబోవు సర్వసభ్య సమావేశపు కార్యక్రమములో, నూలు ధరల చర్చకు పిమ్మట గాక ముందు, ఈ విషయమును చేర్చవలెనని కోరుచున్నాము. నూలు ధరల చర్చ మొదలైన పిమ్మట మరి దేనికిని ప్రొద్దు చాలదు.